మామ తడపని గోడ

నేను గోడలకు ప్లాస్టిక్ పూసి బతికేవాణ్ణి. ఈ మాట నాది కాదు, మా యేసన్న మామది. అనంతపురంలో నాకు రంగుల అంగడి ఉంది. బయటి గోడలకు పట్టించే టెక్స్చర్లు, పుట్టీలు, వాన నీళ్ళు దిగకుండా వేసే పూతలు బకెట్లలో వస్తాయి, బకెట్లలోనే పోతాయి. మామ అంగడికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక బకెట్ మూత తీసి, వేలు ముంచి, వాసన చూసి, "ఏమప్పా అల్లుడా, ఇది గోడకు పూసేదా, చెప్పులకు అతికించేదా?" అనేవాడు. అదీ కొనడానికి వచ్చినవాళ్ళ ముందే. నాకు ఒళ్ళు మండేది. అయినా మా అమ్మకు సొంత తమ్ముడు కాబట్టి నోరు మూసుకుని టీ తెప్పించేవాణ్ణి. ఆ టీ తాగుతూ మళ్ళీ అదే మాట అనేవాడు.

మామది గార పని. సిమెంటు మా వైపు రాకముందు రాతిగోడ మీద సున్నం, ఇసుక కలిపి రుబ్బి పూసేవాళ్ళు. అదే గార. చెప్పడానికి ఇంతే, చేయడానికి మాత్రం తల ప్రాణం తోకకు వచ్చేది. తాడిపత్రి వైపు నుంచి కాల్చిన సున్నపురాయి బండ్ల మీద వచ్చేది. దాన్ని గుంతలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగేది, పిల్లలం దూరంగా నిలబడి చూసేవాళ్ళం. నెల రోజులు అది ఆ గుంతలోనే నానాలి. ఆ తరువాత పెన్న ఇసుకతో కలిపి గానుగలో వేసి, ఎద్దును కట్టి, రాతి చక్రాన్ని తిప్పించాలి. మధ్యమధ్యలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోయాలి. ఆ ముద్ద వెన్నలాగా అయినాక గానీ మామ తాపీ చేత్తో పట్టేవాడు కాదు.

గానుగ దగ్గర పెత్తనం మా బయమ్మ అత్తది. సున్నం పక్వానికి వచ్చిందో లేదో చెప్పాల్సింది ఆమే. వేలి కొసన ఇంత తీసుకుని నాలుక మీద పెట్టుకునేది. చుర్రుమంటే ఉమ్మేసి, "ఇంగా పచ్చిగానే ఉండాది, రేపు చూస్తాం" అనేది. ఇల్లు కట్టించే రెడ్డి వచ్చి గుడ్లురిమినా, ముహూర్తం దాటిపోతాందని అయ్యవారు కబురు పంపినా ఆమెకు లెక్క లేదు. మామ తాపీ పక్కన పెట్టుకుని, తుండు దులుపుకుని, చెట్టు కింద కూర్చునేవాడు. పెళ్ళాం మాట దాటి ఒక్క తాపీడు గార కూడా గోడకు ఎక్కించలేదు.

నా మట్టుకు గార పని అంటే బెల్లం. గార కోసం తెచ్చిన బెల్లం ఆకారం లేకుండా నల్లగా ఉండేది, అందులో ఇసుక కూడా తగిలేది. అయినా మేం దొంగిలించి తినేవాళ్ళం. అత్త చూసీ చూడనట్టు అటు తిరిగేది. ఒకసారి మరీ పెద్ద గడ్డ జేబులో వేసుకుని దొరికిపోయాను. "ఒరే బాస్కరా, రెడ్డి గోడ పడిపోతే నీ కడుపు గీకి పూయల్ల" అని చెవి మెలిపెట్టి, ఆ గడ్డను రెండు ముక్కలు చేసి, ఒక ముక్క నాకే ఇచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్ని మిఠాయిలు తిన్నానో! ఆ ఇసుక బెల్లం రుచి మాత్రం ఇప్పటికీ పోలేదు.

పూసిన గార ఆరిపోయే లోపల దాన్ని కొట్టాలి. ఆడవాళ్ళు వరుసగా గోడ ముందర నిలబడి, చిన్న చిన్న కొయ్య పలకలతో టపటపా కొట్టేవాళ్ళు. మొదటి రోజు మెత్తటి చప్పుడు వచ్చేది. రెండో రోజుకు కాస్త గట్టిపడేది. మూడో రోజో నాలుగో రోజో ఆ చప్పుడు మారి కణకణమనేది. అప్పుడు అత్త చెవి ఆనించి విని, "పలికింది" అనేది. గోడ పలికితేనే కొట్టడం ఆపేవాళ్ళు. తరువాత ఏటి రాయితో రుద్ది రుద్ది నునుపు చేసేవాళ్ళు. ఆ నునుపు మీద చెయ్యి పెడితే తీయబుద్ధి అయ్యేది కాదు.

మా ఊరు గార్లదిన్నె దాటి లోపలికి పోతే వస్తుంది. ఊళ్ళో మా సంగం వాళ్ళు రాళ్ళు మోసి కట్టుకున్న చిన్న చర్చి ఉంది. అది కట్టినప్పుడు నాకు ఐదేళ్ళు. అప్పటికి మామకు పెళ్ళయి ఏడాది. ఆ ఏడు మంచి వానలు పడ్డాయని, చర్చి బావి చేత్తో ముంచుకునేంత పైకి వచ్చిందని మా అమ్మ చెప్పేది. వానలు వెనకపట్టిన తరువాత, చలి మొదలయ్యే రోజుల్లో ఆ గోడలకు గార పూశారు. అత్త ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని నాలుగు వైపులా కొట్టింది, రుద్దింది. మామ పెద్ద మేస్త్రీగా చేసిన మొదటి పని అది.

ఆ తరువాత కథ అందరికీ తెలిసిందే. సిమెంటు వచ్చింది. గానుగ రాయిని ఎవరో దొర్లించుకుపోయి రచ్చబండ చేసుకున్నారు. మామ బెంగళూరుకు పోయి ఇరవై ఏళ్ళు సిమెంటు మేస్త్రీగా పని చేశాడు. దాన్ని ఆయన పని అనేవాడు కాదు, "బూడిద పూసొచ్చినా" అనేవాడు. ఆ బూడిద పూసి కూడబెట్టిన దుడ్లతోనే కూతురు జాయ్ పెళ్ళి చేసి, ఊళ్ళో ఆమె ఇంటి పక్కనే రెండు గదులు వేసుకున్నాడు. వాటికి మాత్రం సిమెంటే పూశాడు. "ఏం మామా, నీ ఇంటికి గార లేదా?" అని నేను దెప్పితే, "మీ అత్తకు మోకాళ్ళ నొప్పులు గదప్పా, ఎవరు కొడతారు?" అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది.

ఎనిమిదేళ్ళ కిందట అత్త చనిపోయింది. అప్పటి నుంచి మామకు ఒక అలవాటైంది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చర్చి తూర్పు గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. ఆ వేళకు అక్కడ నీడ ఉంటుంది. నేను ఊరికి పోయినప్పుడు అక్కడే దొరికేవాడు. ఒకసారి, "ఇంట్లో ఫ్యాన్ ఉండాది కదా మామా" అన్నాను. "ఇది మీ అత్త గోడప్పా. నేను పూసింటాలే గానీ, నున్నగా చేసింది ఆయమ్మ. ఒక ఫోటో కూడా సరిగ్గా తీపించుకోలేదు. ఇంగ నాకు ఏముండాది, ఇదే" అన్నాడు. అలా మాట్లాడే మనిషి కాదు. నేను పక్కన కాసేపు కూర్చుని లేచి వచ్చాను.

ఇలా ఉండగా చర్చికి యాభై ఏళ్ళు వస్తున్నాయని సంగంలో కదలిక మొదలైంది. సంగం పెద్ద జాకబ్ సారు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఏ పనికైనా టైము పెట్టనిదే ఆయనకు నిద్ర పట్టదు. డిసెంబరులో పండుగ, బయట నుంచి పెద్దలు వస్తారు, అప్పటికి గోడలు తళతళలాడాలి అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. గోడలు పాతబడ్డాయి. పడమటి వైపు వాన కొట్టే చోట పెచ్చులు లేచాయి. ఎప్పుడో ఎవరో పుణ్యాత్ముడు గోడ పాదానికి మూడడుగుల ఎత్తు సిమెంటు పూయించాడు. దాంతో నేల చెమ్మ బయటికి రాలేక పైకి ఎగబాకి, ఆ సిమెంటుకు పైన చౌడు తేలి గార రాలుతోంది. చూసేవాళ్ళకు మాత్రం సున్నం చచ్చిపోయిందని అనిపిస్తుంది.

జాకబ్ సారు నాకు ఫోన్ చేసి, "విజయభాస్కర్, నాలుగు గోడలూ గీకించి నీ టెక్స్చర్ వేస్తే ఎట్లుంటుంది?" అని అడిగాడు. బ్రహ్మాండంగా ఉంటుంది సార్ అన్నాను. వారంలో పని అయిపోతుంది, కావలసిన రంగు వస్తుంది, సన్నని పగుళ్ళను కప్పేస్తుంది, నీళ్ళు జారిపోతాయి, కంపెనీ పదేళ్ళ హామీ ఇస్తుంది. ఇవన్నీ నాకు నోటికి వచ్చిన పాఠమే. రంగుల కార్డు పట్టుకుని ఆదివారం ప్రార్థన కాగానే హాజరయ్యాను.

అందరూ కార్డు మీద మూగి మీగడ రంగా, గంధం రంగా అని వాదులాడుకుంటుంటే వెనక నుంచి మామ లేచాడు. "గోడను గీకొద్దండి. పోయినకాడ నేను బాగుచేస్తా. అడుగున సిమెంటు తీసేస్తే చాలు, మిగతా గార ఇంగా యాభై ఏండ్లు ఉంటాది" అన్నాడు.

"యేసన్నా, నీకు డెబ్భై ఆరు. నిచ్చెన ఎక్కగలవా?" అన్నాడు జాకబ్ సారు.

"నిచ్చెన నేను ఎక్కుతా. నువ్వు కింద పట్టుకో" అన్నాడు మామ. సంగమంతా నవ్వింది.

చివరికి జాకబ్ సారే ఒక తీర్పు చెప్పాడు. పడమటి గోడ మీద పక్కపక్కనే రెండు చదరాలు గీకి, ఒకటి నేను నా మందుతో పూయాలి, ఒకటి మామ గారతో పూయాలి. వానలు పడిన తరువాత ఏది నిలబడితే అది నాలుగు గోడలకూ వేస్తారు. మామ ఓడిపోతే గీకే మిషను వస్తుంది, అత్త గోడ పొడి అయి కింద పడుతుంది. ఇది నాకూ తెలుసు, మామకూ తెలుసు. మిగతావాళ్ళకు అది వట్టి పోటీ.

నా చదరం మే నెలలో ఒక పొద్దున మొదలై మధ్యాహ్నానికి అయిపోయింది. నా పనివాళ్ళిద్దరు బకెట్ తెరిచి, పట్టించి, రోలరు తిప్పి, చేతులు కడుక్కున్నారు. మామ అంతకు మూడు నెలల ముందే, గోడల మాట చెవిన పడిన రోజే, పెరట్లో సున్నం నానేసి పెట్టాడు. గానుగ లేదు కాబట్టి రోట్లో వేసి రోకలితో దంచాడు. నాలుకతో చూశాడు కూడా. "నాకు తెలుస్తాందా లేదా అని అనుమానమప్పా, నాది బీడీల నాలుక" అన్నాడు నాతో. మొదటి పొర, రెండో పొర, మూడో పొర, మధ్యమధ్యలో కొట్టడం, రుద్దడం, అన్నీ ఒక్కడే చేశాడు. నిజం చెప్పాలంటే ఆ చదరం చూడముచ్చటగా వచ్చింది.

అయితే గార పూసినంత మాత్రాన అయిపోదు. దాన్ని నెమ్మదిగా ఆరనివ్వాలి. పదిహేను రోజులు, రోజుకు మూడు సార్లు నీళ్ళు చల్లాలి, తడి గోనె సంచులు కప్పాలి. అందుకే వెనకటివాళ్ళు వానల తరువాత చలిలో పూసేవాళ్ళు. ఇది మే నెల, అదీ మా అనంతపురం మే నెల. చర్చి బావి ఎండిపోయి పదేళ్ళు. ఊరి బోర్లు గాలి కక్కుతున్నాయి. కొళాయి మూడు రోజులకొకసారి ఒక గంట వస్తుంది. ఆ గంటకు కొళాయి దగ్గర తిమ్మక్క చెప్పిందే చట్టం. ఇంటికి ఇన్ని బిందెలని ఆమె వేలు చూపిస్తే ఎంతటివాడైనా వరుసలో నిలబడాల్సిందే. మామ కూడా నిలబడి తన వంతు బిందెలు తెచ్చి, తాగడానికి ఒకటి ఉంచుకుని, మిగతావి గోడకు వాడుకుంటున్నాడు.

నేను నా చదరం చూసుకోవడానికి ఒకరోజు ఊరికి పోయాను. కారు వేపచెట్టు కింద ఆపి గోడ వైపు నడుస్తుంటే మామ కనిపించాడు. నిండు బిందె పక్కన పెట్టుకుని, చెంబు చేతిలో పట్టుకుని గోడ ముందర నిలబడ్డాడు. అప్పుడే కొళాయి కట్టేసినట్టుంది. తన వంతు రాకముందే నీళ్ళు ఆగిపోయి, తిమ్మక్క కోడలు సుజాత చంకలో పసిబిడ్డతో, ఖాళీ బిందెతో ఆ దారిన తిరిగిపోతోంది. ఆమె ఏమీ అడగలేదు. బిందె వైపు ఒకసారి చూసింది, అంతే. మామ చెంబు కింద పెట్టాడు. తన బిందె ఎత్తి ఆమె బిందెలోకి వంచేశాడు. "మళ్ళ తెచ్చుకుంటాలే తల్లీ, పో" అన్నాడు.

ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? కొళాయి మళ్ళీ మూడు రోజులకు గదా. ఆ రోజు గోనె సంచులు ఎండిపోయి ఎగిరిపోతుంటే మామ కింది అంచుల మీద రాళ్ళు పెట్టి అదిమాడు. ఆ తరువాత కూడా ఆయన చెయ్యి గోడ మీదికి సరిగా లేవలేదు. జాయ్ చెప్పింది, పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు చల్లి సరిపెట్టేవాడట. మిగతా నీళ్ళు వీధిలో ఎవరికో ఒకరికి పోసేవాడట.

ఇక నా సంగతి చెప్పాలి. నేను ఆ రోజు వేపచెట్టు చాటు నుంచి అదంతా చూశాను. పలకరించలేదు. కారెక్కి వెనక్కి వచ్చేశాను. దారిలో నాకు వచ్చిన ఆలోచన ఒకటే, ఈ గార ఇక నిలవదు, ఆర్డరు నాదే. సిగ్గుపడాల్సిన విషయమే. రాస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

తరువాత వాన కోసం ఎదురుచూపు మొదలైంది. జూన్ పోయింది, జూలై పోయింది. వేరుశనగ వేసినవాళ్ళు వేసిన విత్తనం నేలపాలు చేసుకున్నారు. జాకబ్ సారు రోజూ పడమటి దిక్కు చూసి, "వాన నిరవధికంగా ఆలస్యంగా నడుస్తాంది" అనేవాడు. గోడ మీద రెండు చదరాలూ ఎండలో అట్లాగే ఉన్నాయి. ట్యాంకరు తెప్పించి గోడ మీద కొట్టి చూద్దామని ఎవరో అంటే ఆడవాళ్ళు చీపుర్లు తీశారు.

సెప్టెంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పడమట నల్లబడి రెండు గంటలు ఏకధాటిగా కొట్టింది. జనం గోడల మాట మరిచిపోయి వీధుల్లో తడిశారు. మరుసటి ఆదివారం అందరం గోడ దగ్గర చేరాం. నా చదరం కడిగిన గిన్నెలాగా మెరుస్తోంది. మామ చదరంలో వేసవిలోనే వెంట్రుక సన్నంగా పగుళ్ళు పడి ఉన్నాయి. వాటిలోకి నీళ్ళు దిగి, ఒక మూల జానెడు మేర ఊడి కింద పడింది. మామ వంగి ఆ పెచ్చు తీసి, వేళ్ళ మధ్య నలిపి, జేబులో వేసుకున్నాడు.

లోపల చాపల మీద కూర్చున్నాం. జాకబ్ సారు గొంతు సవరించుకున్నాడు. "చూసినారు కదా. ఇంగ దీంట్లో మాట్లాడేది ఏముండాది?"

తిమ్మక్క ఊరుకోలేదు. ఆమె నోటికి ముందూ వెనకా ఉండదు. "ఏమప్పా యేసన్నా, అంత ఎగిరితివి. బయమ్మ ఉండింటే నీ పని నిలిచేది. ఆ పనంతా ఆయమ్మదే, నీదేముండాది?" అంది.

మామ ముఖం చూశాను. కోపం లేదు. తల ఊపాడు. "నిజమేమ్మా. ఆయమ్మదే" అన్నాడు.

నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. నీళ్ళు మీ ఇంటికే పోసినానని చెప్పొచ్చు. ఆ మాట ఆయన నోట రాదని నాకు అర్థమైంది. జాకబ్ సారు నా వైపు తిరిగి, మిషను ఎప్పుడు పంపుతావని అడుగుతున్నాడు. అత్త చెవి మెలిపెట్టినట్టు ఒళ్ళు జివ్వుమంది.

"జాకబ్ సారూ, మామ గార పగిలింది, నిజమే. అది సున్నం తప్పు కాదు. దానికి పోయల్సిన నీళ్ళు దానికి పడలేదు" అన్నాను.

"ఏంటికి పడలేదంట? పోసేకి చేతులు రాలేదా?" అంది తిమ్మక్క.

"నీ కోడల్ని అడుగు."

సుజాత బిడ్డను ఒళ్ళో వేసుకుని గోడవారగా కూర్చుని ఉంది. అందరూ అటు తిరిగేసరికి ఆమె తల దించుకుంది. "అవునత్తా. ఆ పొద్దు కొళాయి కట్టేసినారు కదా, నాకు యేసన్న తాతే పోసినాడు. గోడకు తెచ్చుకున్న నీళ్ళని నాకు తెలీదు. తరువాత గూడా రెండు తూర్లు పోసినాడు" అంది. ఆమె వెనక ఇంకో ఆడమనిషి, "మాకూ పోసినాడు" అంది. మరొకామె కూడా ఏదో గొణిగింది. తిమ్మక్క కాసేపు ఎటో చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

మొదలుపెట్టాను కాబట్టి మిగతాదీ చెప్పేశాను. "నా పూత బాగుండాది, కాదనను. కొత్త సిమెంటు గోడకైతే నేను ఒట్టేసి చెప్తా. ఇది పాత రాతి గోడ. నేల చెమ్మ లోపల ఎక్కుతానే ఉంటాది. గార అయితే దాన్ని బయటికి వదుల్తాది. నాది ప్లాస్టిక్, వదలదు. రెండేళ్ళకో మూడేళ్ళకో బొబ్బలు లేస్తాయి. అనంతపురంలో మా ఇంటికి నేనే పూసినా కదా, బీరువా వెనక అంతా బొబ్బలే. కంపెనీవాళ్ళను అడిగితే గోడదే తప్పన్నారు."

"నువ్వు ఎవరి పక్క మాట్లాడతాండావప్పా?" అన్నాడు జాకబ్ సారు, తల పట్టుకుని.

"నాకూ తెలీడం లేదు సార్" అన్నాను.

మామ సంతోషిస్తాడనుకున్నాను. బయటికి రాగానే నా మీద విరుచుకుపడ్డాడు. "నిన్నెవడు చెప్పమన్నాడు? పోసిన నీళ్ళు చెప్పుకుంటారా ఎవరైనా? ఆ పిల్లను నలుగుర్లో నిలబెడితివి కదరా!" అని, చేతికర్ర నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. ఇంట్లో మా ఆవిడ అంజలి సంగతి సరేసరి. చేతికి వచ్చిన పనిని చేతులారా పోగొట్టుకున్న మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నానంది. వారం తరువాత మామే ఫోన్ చేసి, "అల్లుడా, ఆ అడుగు సిమెంటు పగలగొట్టేకి ఇద్దరు మనుషులను పంపు" అని పెట్టేశాడు.

సంగం చివరికి చేసింది ఏమిటంటే, ముందు గోడకు నా మీగడ రంగు టెక్స్చర్ వేయించింది. డిసెంబరు పండుగకు వచ్చేవాళ్ళు చూసేది ముందు గోడే కదా అని జాకబ్ సారు పట్టుబట్టాడు. నేనూ కాదనలేదు, నాదీ పొట్టే కదా. అత్త తూర్పు గోడతో సహా మిగతా మూడు గోడలూ గీకకుండా, పోయిన చోట్ల గారతో బాగుచేయడానికి మామకు వదిలేశారు. పండుగకు అవి పూర్తి కావని చెప్పినా సంగం ఒప్పుకుంది. ఒప్పించింది తిమ్మక్క.

నవంబరులో చలి మొదలుకాగానే పని పెట్టాడు. మామ చేతులు వణుకుతున్నాయి. నిచ్చెన ఎక్కనిచ్చేది లేదని జాయ్ చెప్పేసింది. స్టూలు మీద కూర్చుని, కర్రతో చూపిస్తూ, నేను పంపిన మేస్త్రీని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి పూయించాడు. ఆ ఏడు పొలాల్లో పని లేదు కాబట్టి గోడ కొట్టడానికి ఆడవాళ్ళు వచ్చారు. సుజాత బిడ్డను చెట్టుకు ఊయల కట్టి వేసి పలక పట్టింది. మొదటి రెండు రోజులు ఎవరి చప్పుడు వాళ్ళది, వినలేకపోయాం. మూడో రోజుకు కుదిరింది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. టపటప కాస్తా కణకణగా మారింది. మామ స్టూలు మీద నుంచి లేచి, పడమటి గోడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. "పలికింది" అని తనలో తను అనుకున్నాడు. అంతవరకు ఆ మాట అత్త నోట తప్ప ఆయన నోట నేను వినలేదు. నాకు ఏడుపు ఆగలేదు, దాచుకోనూ లేదు.

ఇక తడపడం మిగిలింది. ఒక్క వానతో బోర్లు పైకి రాలేదు. కొళాయి మూడు రోజులకొకసారే వస్తోంది. మామ మళ్ళీ తన వంతు బిందెలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆడవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఆయనకు తెలియదు. మరుసటి పొద్దున మేమిద్దరం గోడ దగ్గరికి వచ్చేసరికి చర్చి మెట్ల మీద బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఇత్తడివి, ప్లాస్టిక్‌వి, స్టీలువి, ఇంటికొకటి. పక్కన తిమ్మక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

మామ ఒక బిందె దగ్గర వంగి, చెంబు ముంచి, ఆగిపోయాడు. "ఇవి తాగే నీళ్ళు గదమ్మా" అన్నాడు.

"మాకు తెలీదా? మోసింది మేమే కదా. పొయ్యి" అంది తిమ్మక్క.

చెంబు ఎత్తాడు. చెయ్యి గోడ వైపు పోలేదు. తిమ్మక్క తిడుతుందనుకున్నాను. ఆమె గొంతు తగ్గించి, "యేసన్నా, అందరం తాగినాకనే తెచ్చినాం. పొయ్యప్పా" అంది.

అప్పుడు చల్లాడు. పచ్చి గార ఆ నీళ్ళను చుయ్‌మని తాగేసింది. రెండో చెంబు చల్లాడు, మూడోది చల్లాడు. పదిహేను రోజులు అట్లాగే జరిగింది. ఆ పదిహేను రోజుల్లో ఏ ఒక్క పొద్దు కూడా అడగకుండా మొదటి చెంబు ముంచలేదట మా మామ. బిందెల ముందర నిలబడి, "ఇండ్లల్లో అందరూ తాగినారా?" అని అడిగేవాడట. అక్కడున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే, "తాగినాం" అని చెప్పేవాళ్ళట. ఆఖరి మనిషి కూడా చెప్పేదాకా ఆగి, అప్పుడు చెంబు ముంచేవాడట.